ఖాళీ డబ్బా ఫోటో

ఇన్స్పెక్టర్ నా ముందు రెండు కాగితాలు పడేశాడు. ఒకటి ల్యాబ్ రిపోర్టు, రెండోది అరెస్టు కాగితం. రెండూ చదవడానికి నాకు నిమిషం పట్టింది. ఆ నిమిషంలో అతను చొక్కా చేతుల మడత రెండుసార్లు సరిచేసుకున్నాడు.

"ఎలుకల మందు," అన్నాడు. "డబ్బా అడుగున అంటుకున్నదాంట్లో ఉంది, పొడి సీసాలో ఉంది. డబ్బా కట్టింది భార్య. సీసా వాళ్లింటిది. మొగుడిని చంపుదామనుకుంది, మధ్యలో పనివాడు తిన్నాడు. నాలుగింటికి కోర్టులో హాజరుపరుస్తున్నాను. నువ్వు అనవసరంగా ఆయాసపడకు అక్కా."

డిపార్టుమెంటులో ఇతన్ని మేమంతా ఇస్త్రీ అనేవాళ్లం. వర్షంలో తడిసినా చొక్కా నలగదు. పన్నెండేళ్ల కిందట నేను మూడు వారాలు ఎండలో తిరిగి పట్టుకున్న దొంగ పక్కన నిలబడి పేపర్లో ఫోటో వేయించుకున్నది ఇతనే. ప్రమోషన్ అతనికి వచ్చింది. నేను రాజీనామా కాగితం రాసి, రెండు గదులు అద్దెకు తీసుకుని, సొంత డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాను. ఇప్పుడతను కూర్చున్న కుర్చీ నాది కావాల్సింది. నాకతనంటే కుళ్లు. దాచుకోవడానికేం లేదు, ఆ కుర్చీ చెయ్యి మీద అతని మోచెయ్యి చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

"ఆవిడతో పది నిమిషాలు మాట్లాడాలి," అన్నాను.

"పదిహేను తీసుకో. అక్కవి కదా." ఆ నవ్వు చూసి కాగితాలు అతని మొహాన కొట్టాలనిపించింది.

జరిగిందిది. నిన్న మంగళవారం, మధ్యాహ్నం ఒకటీ యాభైకి, ఒక బేకరీలో కేకుల మీద పువ్వులు వేసే క్రీము మాస్టరు కడుపు పట్టుకుని కూలబడ్డాడు. ఇంకా స్పృహ రాలేదు. అతను తిన్నది బేకరీ యజమాని భోజనం డబ్బా. యజమానికి షుగరు, బీపీ ఉన్నాయి. మూడు నెలలుగా ఒక డైట్ కోచ్ రాసిచ్చిన పట్టిక ప్రకారం భార్య ఇంట్లో వండి పంపుతోంది. ఆయన మాత్రం రెండో వారం నుంచే ఆ డబ్బా క్రీము మాస్టరుకి ఇచ్చేసి, తను బన్నులు, పఫ్‌లు తింటున్నాడని నిన్న ఆస్పత్రి వరండాలో బయటపడింది. ఈరోజు పొద్దున్నే పోలీసులు భార్యని తీసుకెళ్లారు. తొమ్మిదిన్నరకి యజమాని నా ఆఫీసుకొచ్చి, కనుబొమల మీద పిండి కూడా తుడుచుకోకుండా కూర్చున్నాడు. "మా ఆవిడ అలాంటిది కాదు మేడమ్. నాలుగింటిలోపు బయటికి తీసుకురండి. ఆ కోచ్ సంగతి చూడండి," అన్నాడు.

భార్యని వెనక గదిలో చెక్క బల్ల మీద కూర్చోబెట్టారు. నలభై దాటిన మనిషి. కళ్లు వాచి ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"డబ్బాలో విషం కలుపుతానని అన్నారా?"

"అన్నాను. రెండు నెలల కిందట, బేకరీలో, పనివాళ్లందరి ముందూ. ఆ రోజు నుంచి మళ్లీ ఆ గడప తొక్కలేదు."

"ఎందుకన్నారు?"

"కుళ్లు," అంది. నాన్చకుండా చెప్పినందుకు ఆవిడ నాకు నచ్చింది. "పదహారేళ్ల కాపురమండీ. కూర ఎలా ఉందో ఒక్కరోజు చెప్పిన పాపాన పోలేదు. ఉప్పు ఎక్కువైతే మాత్రం వీధి చివరిదాకా వినిపించేలా అరిచేవారు. అలాంటి మనిషి ఆ కోచ్‌కి రోజూ డబ్బా మూత తీసి ఫోటో పంపాలట. ఆవిడ చూసి ఆకుపచ్చ టిక్కు పెడితేగానీ ముద్ద ఎత్తకూడదట. తిన్నాక ఖాళీ డబ్బా ఫోటో కూడా పంపాలట, ఏం మిగిల్చారో చూసి ఆవిడ మళ్లీ వారం పట్టిక మారుస్తుంది. ఆ టిక్కు కోసం ఈయన ఫోను పట్టుకుని పసిపిల్లాడిలా కూర్చునేవారు. ఐదింటికి లేచి ముక్కలు తరిగేది నేను. మెప్పు ఆవిడది. కడుపు రగిలిపోదా?"

"ఇప్పుడు తెలిసిందిగా, ఆయన అసలు తినలేదని."

"అదే తట్టుకోలేకపోతున్నాను," అంది. "విషం పెట్టానన్నా ఇంత బాధ లేదు. రెండు నెలలపైన వండానే, ఒక్కరోజు కూడా తినలేదా?"

సీసా గురించి అడిగాను. అది కోచ్ ఇచ్చిన గింజల పొడి, రోజూ రెండు చెంచాలు కూరగాయల మీద చల్లుకోవాలి. ఇంట్లోనే ఉండేది, ఆవిడే చల్లి పంపేది. శనివారం పొద్దున ఆయన సీసా సంచిలో పెట్టుకున్నాడు. పొడి ముందే చల్లితే మెత్తబడిపోతోంది, షాపులోనే పెట్టుకుంటానన్నాడు. ఆ తర్వాత ఆవిడ సీసా మొహం చూడలేదు.

"ఈ మధ్య ఆయనలో ఏదైనా తేడా కనిపించిందా?"

"తేడా అంటే..." కొంగు వేలికి చుట్టుకుంది. "శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి రెండు చేతులూ నా ముందు చాపి, ఎక్కడైనా కాలిన మచ్చ ఉందేమో చూడు అన్నారు. లేదండీ అన్నాను. బాగా చూడు అన్నారు. మళ్లీ లేదన్నాను. అంతే, భోజనం కూడా చెయ్యకుండా పడుకున్నారు."

ఓవెన్ దగ్గర బతికే మనిషి కాలిన మచ్చలు వెతుక్కోవడంలో నాకు వింతేమీ కనిపించలేదు. నా బుర్ర నిండా నాలుగింటి కోర్టు, ఇస్త్రీ మొహం ఉన్నాయి.

పన్నెండుంపావుకి బేకరీకి చేరాను. ముందు షట్టర్ సగం దించి ఉంది. వెనక పనిగదిలో పొడవాటి స్టీలు బల్ల, దాని మీద తిరిగే చక్రం, చక్రం మీద సగం అయిన కేకు. అంచు చుట్టూ పదకొండు గులాబీలు, పన్నెండోది రెండు రేకుల దగ్గర ఆగిపోయింది. దాన్ని తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదట. బల్ల పైన భుజమెత్తు అరలో, మిగతాదంతా పిండి దుమ్ము ఉంటే, గుండ్రంగా ఒక్కచోట మాత్రం శుభ్రంగా ఉంది. పోలీసులు తీసుకెళ్లిన పొడి సీసా అక్కడ ఉండేది. పక్కన పిండి బస్తాల గదికి తలుపు లేదు. గడప అవతల కింద ఎలుకల మందు డబ్బా, మూత వదులుగా పెట్టి ఉంది. ఎవరైనా తీయొచ్చు.

"నిన్న ఏ టైముకి ఏం జరిగిందో చెప్పండి," అన్నాను యజమానితో.

ఆయన నాకు టీ ఇచ్చి, తను కూడా చిక్కటి పాల టీ కలుపుకుంటూ ఫోను తెరిచి ఫోటోలు చూపించాడు. పన్నెండూ యాభైకి నిండు డబ్బా ఫోటో. ఉడికిన బీన్స్, క్యారెట్, రెండు గుడ్లు, పక్కన కీర ముక్కలు. పొడి లేదు. రెండు నిమిషాల్లో టిక్కు వచ్చిందన్నాడు. ఒకటీ పదికి క్రీము మాస్టరు తిన్నాడు. ఒకటీ ముప్పై ఐదుకి ఖాళీ డబ్బా ఫోటో. ఒకటీ యాభైకి అతను పడిపోయాడు.

"కోచ్‌తో మాటలేవీ? ఫోటోలే ఉన్నాయే."

"ఫోను నిండిపోతుందని మెసేజీలు ఎప్పటికప్పుడు తీసేస్తుంటానమ్మా."

"పొడి ఎవరు చల్లారు?"

జవాబు ఓవెన్ దగ్గర నుంచి వచ్చింది. అక్కడ అరవై ఏళ్ల మనిషి రొట్టెల ట్రేలు గీకుతున్నాడు. అందరూ బాబాయ్ అంటారట, నేనూ అలాగే పిలిచాను. "మాస్టరే చల్లుకునేవాడమ్మా. శనివారం నుంచి రోజూ, ఆ అరలోంచి సీసా దించి, లెక్కగా రెండు చెంచాలు. నేను పక్కనే కూర్చుని తినేవాణ్ని."

"శని, ఆది, సోమ మూడు రోజులూ అదే సీసాలోంచా?"

"అదే సీసా. మూడు రోజులూ గుండ్రాయిలా ఉన్నాడు."

గోడకి కోచ్ పట్టికలు వారానికొకటి చొప్పున గుచ్చి ఉన్నాయి. మొదటి నుంచీ చదివాను. మొదటి ఆరు వారాల్లో పెరుగు, పలచటి మజ్జిగ ఉన్నాయి. ఏడో వారం నుంచి పాలు, పెరుగు రెండూ పూర్తిగా పోయాయి. గుడ్లు ఒకటి కాస్తా రెండయ్యాయి. నా ఎదురుగా పాల టీ చప్పరిస్తున్న యజమానిని చూశాను. "మీకు పాలు పడవా?"

"నాకా? రోజుకి ఆరు టీలు తాగుతానమ్మా."

బాబాయ్ నవ్వాడు. "పాలు పడనిది మాస్టరుకి. ఊరందరికీ క్రీము వేస్తాడు, తను నాలుక మీద పెట్టి రుచి చూసి ఊసేస్తాడు."

ఆ పట్టిక రాసిన మనిషికి డబ్బా ఎవరు తింటున్నారో తెలుసు. ఏడో వారం నుంచీ తెలుసు. యజమాని కూడా ఆ కాగితం వైపే చూస్తున్నాడు, పెదవి మీద టీ మరక తుడుచుకోకుండా. పాపం, మోసపోయానని బాధపడుతున్నాడనుకున్నాను.

ఆయన్ని కాస్త తేలికపరుద్దామని నేనే మాట కలిపాను. "మీ ఆవిడకి మీమీద చాలా ప్రేమండీ. తను స్టేషన్‌లో ఉండి కూడా మీ గురించే చెప్పింది. శుక్రవారం సాయంత్రం చేతుల మీద కాలిన మచ్చ వెతకమన్నారట, భోజనం కూడా చెయ్యలేదట."

గ్లాసులో చెంచా ఆగింది. "ఓవెన్ దగ్గర పని కదమ్మా. ఎక్కడో చురుక్కుమంటుంటే అడిగాను." మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు. "పోలీసులక్కూడా ఇలాంటివే చెబుతోందా పాపం?"

"లేదు, నాకే చెప్పింది. వాళ్లు అడిగితే కదా."

"పిచ్చిది," అన్నాడు. ఆ మాటలో నాకు ముద్దే వినిపించింది.

ఒకటిన్నరకి ఇస్త్రీ లోపలికొచ్చాడు. ఎలుకల మందు డబ్బా తీసుకెళ్లడానికట. పిండి అంటకుండా రుమాలుతో బల్ల దులుపుకుని మరీ చెయ్యి ఆనించాడు. "ఇంకా ఇక్కడే ఉన్నావా అక్కా?"

"కూర్చో. నీ కేసు ఊడిపోయింది, చూద్దువుగాని."

అతను కూర్చోలేదు. నేనే బల్ల మీది పిండిలో వేలితో నాలుగు గీతలు గీశాను. శని, ఆది, సోమ, మంగళ. "సీసా ఇంట్లోంచి శనివారం వచ్చింది. ఈ మూడు రోజులూ అందులోంచే చల్లుకున్నాడు, ఏమీ కాలేదు. నిన్న పడిపోయాడు. నిన్నటి నిండు డబ్బా ఫోటోలో పొడి లేదు, కాబట్టి మందు డబ్బాలో రాలేదు, సీసాలోంచి వచ్చింది. సీసాలోకి అది సోమవారం భోజనం తర్వాత, మంగళవారం భోజనం ముందు, ఈ గదిలో చేరింది. ఆవిడ ఈ గడప తొక్కి రెండు నెలలు."

"సీసా అడుగున కలిపి పంపి ఉండొచ్చు. పై పొడి అయ్యేసరికి మూడు రోజులు పట్టింది."

ఆ ప్రశ్న నేనూ వేసుకున్నాను. వేసుకున్నానని అతనికి చెప్పడంలో నాకున్న ఆనందం ఇంతా అంతా కాదు. "బాబాయ్, సీసా నిన్న ఎంత ఉంది?"

"నిండుగా ఉందమ్మా. సోమవారం సాయంత్రం ఐదింటికి డైట్ మేడమ్ వచ్చి కొత్త పొడి పోసిందిగా. ఓనరు దగ్గరుండి పోయించాడు, మమ్మల్నందరినీ పిలిచి, చూడండ్రా ఎంత శ్రద్ధో అన్నాడు."

"నిన్న తిన్నది పైన పోసిన కొత్త పొడి," అన్నాను ఇస్త్రీతో. "కింద ఏముందో ఎవడిక్కావాలి? నువ్వు ల్యాబ్ రిపోర్టు చదివావు, సీసా ఎప్పుడు నిండిందో అడగలేదు. పన్నెండేళ్లుగా నువ్వు అడగని ప్రశ్నలన్నీ ఇంకొకరు అడుగుతూనే ఉన్నారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఆ దొంగ కేసు ఇంకా మోస్తున్నావా?"

"నా కేసు. మోస్తాను."

"నువ్వు పట్టుకున్నావు, నిజమే. నీకు కోపం వచ్చి స్టేటుమెంటు రాయకుండా వెళ్లిపోయావు. రాత్రంతా కూర్చుని రాసింది నేను. అది ఎప్పుడూ చెప్పవు." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. టైములు కుదిరాయి. ఆవిడని పంపించేస్తాను. కోచ్‌కి ఈ మాస్టరుతో ఏం పగ?"

"కనుక్కుంటాను."

"నేనూ వస్తాను. ముందు స్టేషన్‌లో సంతకాలు పెట్టాలి, గంట పడుతుంది."

గంట. ఆ గంటలో నేను కోచ్ నోరు విప్పించి, కేసు మొత్తం పళ్లెంలో పెట్టి అతని ముందు పెట్టగలను. ఈసారి పేపర్లో ఎవరి మొహం పడుతుందో చూద్దాం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, మెట్లు దిగుతున్నప్పుడు నా కాళ్లు నేల మీద లేవు. వెనక యజమాని ఇస్త్రీతో ఏదో అడుగుతున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

కోచ్ గది ఒక మందుల షాపు పైన ఉంది. బరువు చూసే మిషను, కొలత గ్లాసుల వరస, గోడకి ఫైళ్లు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ల మనిషి. జుట్టు దువ్వుకోలేదు. టేబుల్ మీద అన్నం పళ్లెం ముట్టకుండా ఎండిపోతోంది.

కూర్చోకుండానే మొదలుపెట్టాను. "డబ్బా ఎవరు తింటున్నారో మీకు ఏడో వారం నుంచీ తెలుసు. సోమవారం ఐదింటికి సీసాలో పొడి పోసింది మీరు. మంగళవారం అతను పడిపోయాడు."

ఆవిడ బుకాయించలేదు. లేచి వెళ్లి అలమరలోంచి పెద్ద సంచి తెచ్చి, అందులో చెయ్యి పెట్టి గుప్పెడు పొడి నోట్లో పోసుకుంది. నేను ఆపేలోపే మింగేసింది. "సోమవారం ఇందులోంచే తొమ్మిది మందికి ఇచ్చాను. ఫోన్ చేసి కనుక్కోండి, అందరూ బాగానే ఉన్నారు," అంది. తర్వాత ఏడుపు వచ్చింది. "ఆస్పత్రిలో నన్ను లోపలికి రానివ్వలేదండీ. పేషెంటుకి మీరేమవుతారు అని అడిగారు. ఏమని చెప్పను?"

అప్పుడు కూర్చున్నాను.

"మొదటి నుంచీ చెప్పండి."

"ఆరు వారాలయ్యాక ఆయన బరువు చూడ్డానికి బేకరీకి వెళ్లాను. రెండు కిలోలు పెరిగారు. ఫోటోలు చూస్తే ఒక్క తప్పు లేదు. వాళ్లు తిన్నదానికంటే మిగిల్చిందే నేను ఎక్కువగా చూస్తాను. ఖాళీ డబ్బాలో రోజూ పెరుగు అలాగే ఉండేది. పెరుగు వదిలేసే మనిషి పాల టీ ఎలా తాగుతున్నాడా అని చుట్టూ చూశాను. బల్ల దగ్గర ఒకతను నన్ను చూసి తల దించుకున్నాడు." ముక్కు తుడుచుకుంది. "ఓనరు అతనికి డబ్బాతోపాటు తన ఫోను కూడా ఇచ్చేసేవారు, తిన్నాక ఖాళీ డబ్బా ఫోటో నువ్వే పంపెయ్యి అని. అంటే ఒకటిన్నర ప్రాంతంలో నేను ఏ మాట రాసినా చదివేది అతనే. చదివి, తీసేసి, ఫోను తిరిగిచ్చేవాడు. ఓనరుకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అతనికి ఏం పడదో కనుక్కుని పట్టిక మార్చాను. అలా మొదలైంది. మాకు వేరే ఫోన్లు లేక కాదు. అలాగే బాగుండేది. వచ్చే నెలలో పెళ్లి చేసుకుందామనుకున్నాం."

"ఓనరు మీతో ఎలా ఉండేవారు?"

ఆవిడ చూపు పక్కకి తిరిగింది. "మొదట్లో రోజుకి పది మెసేజీలు. మీ టిక్కు చూస్తేగానీ నాకు కడుపు నిండదు, నన్నింతగా పట్టించుకున్నవాళ్లు ఎవరూ లేరు, అలాంటివి. నేను చాలామందికి పెట్టే టిక్కే అది. అలా రాయొద్దని మర్యాదగా చెప్పాను. తగ్గించారు. ఆ తర్వాత మంచిగానే ఉన్నారు."

"పొడి సోమవారం ఎందుకు తీసుకెళ్లారు?"

"రమ్మన్నాడు కదా." ఫోను తీసి నా ముందు పెట్టింది. "గురువారం అతని చెయ్యి పాకం గిన్నె తగిలి కాలింది. శుక్రవారం ఖాళీ డబ్బా ఫోటో వచ్చాక అడిగాను."

చదివాను. శుక్రవారం, ఒకటీ నలభై ఒకటి. ఆవిడ రాసింది: చెయ్యి కాలిన చోట పొక్కు తగ్గిందా? మందు రాస్తున్నావా?

ఒకటీ నలభై నాలుగుకి జవాబు: తగ్గింది. పొడి అయిపోవచ్చింది. సోమవారం సాయంత్రం మీరే తెచ్చి పోస్తే బాగుంటుంది.

"వెళ్తే సీసా సగానికి పైగా ఉంది," అంది కోచ్. "'నేను రమ్మన్నానా, ఎప్పుడు?' అన్నాడు అతను. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఓనరు మాత్రం ఎంతో సంతోషంగా అందరినీ పిలిచి, నా చేతే పోయించారు."

శుక్రవారం ఆ ప్రశ్న వచ్చేసరికి ఫోను క్రీము మాస్టరు చేతిలో లేదు, యజమాని చేతికి వచ్చేసింది. తనకి కాని పొక్కు గురించి, తనని ఎప్పుడూ అడగనంత ప్రేమగా, ఆవిడ అడిగింది. 'నువ్వు' అని కూడా అంది. మూడు నిమిషాలు ఆలోచించి ఆయన అతనిలా జవాబు రాశాడు. డబ్బా ఇచ్చేసినప్పుడు ఆయనకి బాధ లేదు. డబ్బాతోపాటు టిక్కు కూడా అవతలివాడికే పోయిందని ఆ రోజు తెలిసింది. అవతలివాడికి విషం, కోచ్‌కి ఉరి. రెండూ ఒకే సీసాతో అయిపోయేలా ఏర్పాటు చేశాడు. ఇస్త్రీ తొందరపడి భార్యని పట్టుకోవడంతో ఆయన లెక్క తప్పింది. తప్పిన లెక్క సరిచేయించుకోవడానికి నన్ను పెట్టుకున్నాడు. చెప్పినట్టే చేశాను. భార్యని విడిపించాను, కోచ్ మీదికి వచ్చాను.

ఫోనులో ఉన్న ఆ జవాబు తనది కాదని కోర్టులో ఆయన సులువుగా తోసిపుచ్చగలడు. మాస్టరే రాశాడంటాడు, మాస్టరుకి స్పృహ లేదు. ఆ మెసేజీ శుక్రవారమే ఆయన చదివాడని చూపించగలిగే మనిషి ఒక్కతే ఉంది. ఆయన చేతుల మీద మచ్చ వెతికిన భార్య. తను చూసినదేమిటో ఆవిడకే తెలీదు. అది ఆవిడ ఎవరికి చెప్పిందో, ఎవరికి చెప్పలేదో ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పింది నేను.

మూడూ పదిహేనుకి స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఇస్త్రీయే ఎత్తాడు.

"ఆవిడని పంపకు," అన్నాను. "అక్కడే కూర్చోబెట్టు."

"రెండున్నరకే పంపించేశానుగా. నువ్వేగా అంత గొడవ చేశావు." గొంతులో ఎత్తిపొడుపు తప్ప ఏమీ లేదు. "ఆయనే కారు తీసుకుని వచ్చి సంతకం పెట్టాడు. ఇంట్లో పేపరువాళ్లు పీక్కుతింటారు, రెండు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్తానన్నాడు. ఎక్కడికో అడగలేదు."

"ఆయన ఫోను?"

"ఇందాకే చేశాను, సంతకం ఒకటి మర్చిపోయాడని. ఆపేసి ఉంది. ఏమైంది అక్కా?" నా జవాబు కోసం ఆగకుండా అతనే అన్నాడు. "మంచివాడే. పొద్దున్నుంచి ఆవిడ ఏమీ తినలేదని చెప్తే, తెలుసండీ, దారిలో తినడానికి నేనే వండి తెచ్చాను అన్నాడు. ఆవిడ ఏడ్చేసింది. పెళ్లయ్యాక ఆయన వండటం ఇదే మొదటిసారట."

పన్నెండేళ్లలో ఇస్త్రీని నేను ఏ సాయమూ అడగలేదు. అడిగే అవసరం రాకూడదనే అంత కష్టపడ్డాను.

"సార్," అన్నాను. "కేసు మీరే తీసుకోండి, పేరు మీరే వేసుకోండి. అన్ని దారులూ మూయించండి సార్. ఆవిడ ఆ డబ్బా మూత తీసేలోపు."